బూడిద కుప్పే జామీను

సిద్దిపేటలో బస్సు ఆగేచోట నాకొక చాయ్ హోటల్ ఉండేది. హోటల్ అనగానే మీరు ఎక్కడికో పోతారు, అందుకని ముందే కొలతలు చెప్పేస్తున్నాను. ఆ మల్గి, అంటే దుకాణం గది, ఎంత ఇరుకంటే నేను లోపలికి పోవాలంటే చాయ్ డేక్షా బయటికి రావాలి. రెండు బల్లలు ఉండేవి. ఒక్కో బల్ల మీద నలుగురు పట్టేవాళ్లు. ఐదోవాడు కూర్చుంటే మొదటివాడు హైదరాబాదు పోయే రోడ్డు మీద తేలేవాడు. గోడకు ఒక అద్దం వేలాడేది. అందులో ముఖం చూసుకున్నవాడెవడూ మళ్లీ రెండోసారి చూసుకోలేదు. మల్గి వెనుక ఒక చిన్న చాయమాను, అంటే వసారా, దానికీ దుకాణానికీ నడుమ గోనెపట్టా తెర. ఆ తెర వెనుకే మా కాపురం.

అది పెద్ద యుద్ధం నడుస్తున్న కాలం. చక్కెర కంట్రోలులో ఉండేది. నాకప్పుడు ఇరవై రెండేళ్లు, పెళ్లై ఏడాది. మా బాపు నంగునూరులో ఎవుసం చేసేవాడు. నా చేతికి నాగలి ఇస్తే నేను గీసిన సాలు చూసి ఎద్దులు సిగ్గుతో తలలు దించుకున్నాయని మా ఊళ్లో చాలాకాలం చెప్పుకున్నారు. చివరికి బాపు, "నువ్వు గీడుంటె భూమి పాడైతది, ఏడనన్న పోయి బతుకు బిడ్డా" అని ఆశీర్వదించి పంపాడు.

నా భార్య తన కాళ్ల వెండి కడియాలు అమ్మింది. ఆ డబ్బుతోనే డేక్షా, కప్పులు, సాసర్లు కొన్నాం. ఆ తర్వాత ఆమె చప్పుడు లేకుండా నడిచినప్పుడల్లా నా గుండెలో ఏదో గుచ్చుకునేది. ఈ ఒక్క మాట మాత్రం నేను పెంచి చెప్పడం లేదు.

నా హోటల్‌కు పేరు తెచ్చింది చాయ్ కాదు, కొసరు. కప్పు ఖాళీ కాగానే అడగకముందే సాసరు నిండా మళ్లీ చాయ్ పోసేవాణ్ణి. దానికి డబ్బులు లేవు. నారాయణరావుపేట నుంచి, తొగుట నుంచి అంగడికి వచ్చే వాళ్లంతా మొదట నా దగ్గరికే వచ్చేవాళ్లు. కొసరు తాగాక మీసం తుడుచుకుంటూ, "నీ అసొంటి పెద్దమనిషి నైజాముల లేడు" అనేవాళ్లు. ఆ మాట విన్న రోజు నాకు అన్నం సహించేది కాదు, కడుపు అంత నిండిపోయేది. సగం మంది అసలు చాయ్‌కే ఉద్దెర, అంటే అరువు, పెట్టి పోయేవాళ్లు. పెద్దమనిషిని గనుక నేను అడిగేవాణ్ణి కాదు.

ఇలా నా కీర్తి సిద్దిపేట నాలుగు దిక్కులా వ్యాపిస్తుండగా మల్గి ఆసామి ఒకనాడు చేతికర్ర ఆడించుకుంటూ వచ్చాడు. కూర్చోలేదు. కూర్చోకుండా వచ్చిన ఆసామి మంచి మాట చెప్పడు.

"పిలగా, పెత్రమాస లోపట ఏడాది కిరాయి ముందుగాల్ల కట్టాలె. అరవై రూపాయలు, హాలీ సిక్కా" అన్నాడు. హాలీ సిక్కా అంటే నైజాం రూపాయి.

"గంత ఒక్కపారి యాడికెల్లి తెస్త పటేలా?"

"తేకు. కిరాయి సైకిళ్లాయన పైసలు వట్టుకొని నా ఇంటి ముంగట నిలవడ్డడు. పొయ్యేమో నువ్వు తీస్కపో, జాగ గాయనకిస్త."

పెత్రమాసకు, అంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్యకు, ఇరవై దినాలుంది. మల్గి పోతే నా భార్య కడియాలు పోయినట్టే. మళ్లీ నంగునూరు, మళ్లీ ఆ నాగలి, మళ్లీ ఆ ఎద్దుల ముఖాలు. తాకట్టు పెట్టడానికి ఇంట్లో గుండుసూదంత వెండి లేదు. నేనొక్కణ్ణే ఉన్నాను, నన్నెవరూ తాకట్టు పెట్టుకోరు.

తాకట్టు లేకుండా అప్పిచ్చే మనిషి ఊళ్లో ఒక్కడే ఉన్నాడు. ఆయన నూనె, పశువులకు పెట్టే గానుగ చెక్క అమ్మే సేటు. గాజులమ్మే వాళ్లకు, తాళ్లు పేనే వాళ్లకు, చిన్నాచితకా దుకాణాల వాళ్లకు కాగితం ముక్క రాయించుకోకుండా ఇచ్చేవాడు. మనిషి వెదురు కర్రంత సన్నం. ఆయన నవ్వగా చూసినవాళ్లు సిద్దిపేటలో ముగ్గురే అని చెప్పుకునేవాళ్లు. అందులో ఇద్దరు అప్పటికే కాలం చేశారు, మూడో ఆయనకు చూపు ఆనదు. సేటు రోజూ పొద్దున నా దగ్గరే ఒక చాయ్ తాగేవాడు. రేపెప్పుడైనా అక్కరకొస్తాడని నేను ఆయన దగ్గర ఏనాడూ డబ్బు తీసుకోలేదు. ఆ రేపు వచ్చేసింది.

"సేటూ, అరవై రూపాయలు కావాలె" అన్నాను.

సేటు సాసరులో చాయ్ ఊదుకుంటూ, "ఏం వెట్టి అడుగుతున్నవ్?" అన్నాడు.

"వెట్టెతందుకు ఏం లేదు. దుకాణముంది."

"దుకాణం నీదా?"

"దుకాణం ఆసామిది. చాయ్ నాది."

సేటు సాసరు ఖాళీ చేశాడు. "సరే పిలగా. వారం దినాలు జూస్త. జూసి చెప్త" అని లేచాడు.

ఆయన ఏం చూస్తాడో నేను అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. చూస్తానన్నాడు కదా, చూపిద్దాం అనుకున్నాను. జనం కిటకిటలాడే దుకాణానికి ఎవడైనా కళ్లు మూసుకుని అప్పిస్తాడని నా లెక్క.

వెంటనే నంగునూరుకు కబురు పంపాను. నేను పన్నెండు మంది చుట్టాలను రమ్మంటే ఊరు ఊరే కదిలింది. వెనుక మిగిలింది కుక్కలు, కోళ్లేనని తర్వాత తెలిసింది. వచ్చిన వాళ్లు పొద్దున నుంచి పొద్దుగూకే దాకా నా బల్లల మీద వంతులవారీగా కూర్చుని ఉత్తగా చాయ్ తాగారు. మా మేనమామ ఒకరోజు పదకొండు కప్పులు తాగి పన్నెండో దానికి చెయ్యి చాచాడు.

"మామా, కడుపా చెరువా?" అన్నాను.

"నాకోసం తాగుతున్ననా అల్లుడా? నీ దుకాణం నిండుగ గనవడాలె గద! పోయి, పోయి. కొసరు మర్వకు."

నేనూ తగ్గలేదు. ఒక పొయ్యి ఉన్నచోట రెండు వెలిగించాను. గిరాకీ లేకపోయినా రెండూ భగభగమండేవి. హోటల్ ముందు కట్టెలమోపులు మిద్దె ఎత్తున పేర్చాను. పాలు ఎంత చిక్కగా కాచానంటే ఈగ వాలితే మునగలేదు, నడుచుకుంటూ పోయింది.

సేటు రోజూ వచ్చేవాడు. చాయ్ తాగేవాడు. జనం వైపు మాత్రం ఒక్క చూపు కూడా చూసేవాడు కాదు. తాగి లేచి మల్గి వెనక్కు పోయి చాలాసేపటికి వచ్చేవాడు. మూడు రోజులు వరసగా అదే జరిగేసరికి నాకు దిగులు పట్టుకుంది. చిక్కటి పాలు ఆ సన్నటి కడుపుకు పడటం లేదనుకుని, నాలుగో రోజు నుంచి ఆయన చాయ్‌లో వాము వేశాను. అయినా వెనక్కు పోవడం మానలేదు. వాము ఇంకో చిటికెడు పెంచాను.

ఏడో రోజు ఆయన వెనుక నుంచి వచ్చి చేతులు దులుపుకున్నాడు. "పైసలు పుట్టవు పిలగా" అన్నాడు.

బల్లల మీద మా చుట్టాలంతా కప్పులు నోటి దగ్గరే ఆపేశారు.

"ఎందుకు సేటూ? గింత మంది ఉన్నరు గద!"

"నేను మందిని జూడలే. నీ ఎనుక బూడిద కుప్ప జూసిన."

"బూడిదనా?"

"ఆఁ. నువ్వు అమ్ముతున్న చాయ్‌కి ఒక్క గంప బూడిదే శానా ఎక్కువ. ఈడ మూడు గంపలున్నది. గిరాకీ లేనప్పుడు గుడ పొయ్యి కాలుతుంది. నేనిచ్చే అరవై రూపాయలు గుడ గండ్లనే కాలుతయి. మల్ల నీకు పాలు పోసే పాలవ్వ. ఆమె నా తాన బర్రెకు చెక్క ఉద్దెర వెట్టి నెల దాటె. ఎందుకవ్వా అంటె, చాయ్ పిలగాడు ఇస్తలేడన్నది." అని, కొంచెం మెత్తగా అన్నాడు. "గది గాదు గని, ఒక్క చాయ్ నీకెంత వడ్తది?"

"అర్ధణా సేటూ."

"గది నువ్వు అమ్మే ధర. నీకు వడేదెంత?"

నేను మా మామ వైపు చూశాను. మామ కప్పులోకి చూశాడు.

"తెల్వనోనికి అప్పెట్ల ఇయ్యాలె బిడ్డా? ఇస్తే నేను నీకు మేలు జేసినట్టు గాదు" అని సేటు గడప దాటాడు. రెండడుగులు పోయి వెనక్కి తిరిగి, "చాయ్‌ల వాము ఎందుకేస్తున్నవ్?" అని అడిగాడు. నేను వాము డబ్బా చాటుకు జరిపాను.

చుట్టాలు ఆ మధ్యాహ్నమే నంగునూరుకు నడక పట్టారు. అప్పు పుట్టలేదన్న దిగులుతో మామ పోతూపోతూ ఇంకో చాయ్ తాగాడు.

తెర వెనుక నుంచి నా భార్య అంతా విన్నది. తిడుతుందని చూశాను. తిట్టలేదు. మెల్లగా వచ్చి బల్ల మీద కూర్చుంది. "ఒక్క చాయ్ ఎంత వడ్తదో నాకు గుడ తెల్వదయ్యా. గిన్ని దినాలు ఇద్దరం కండ్లు మూస్కొనే అమ్మినమా?" అంది. ఆ 'ఇద్దరం' అన్న మాటకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పొయ్యి పొగ అని చెప్పాను. అప్పటికి పొయ్యి ఆరిపోయి గంటైంది.

మర్నాడు కొలత మొదలుపెట్టాం. మా ఇద్దరికీ రాత రాదని కాదు. నాకొచ్చిన రాత నేను తప్ప ఎవరూ చదవలేరు, మరునాటికి నేనూ చదవలేను. అందుకని ఆమె ఒక ఉపాయం చేసింది. కొత్త కుండ ఒకటి తెర వెనుక తన చేతికందేలా పెట్టింది. డబ్బులిచ్చి తాగిన చాయ్‌కి ఒక చింతగింజ అందులో వేయాలి. ఉద్దెర చాయ్‌కి, కొసరుకు, ఉత్తగా పోసిన చాయ్‌కి వేరే కుండ. కట్టెలు పొద్దున్నే మోపు కట్టి పక్కన పెట్టింది. చక్కెర, ఆకు, పాలు కొలిచి పెట్టింది. కాపలాకు తనే కూర్చుంది.

పొద్దున్నే నారాయణరావుపేట నుంచి పాలవ్వ వచ్చింది. పాలు పోసి, అలవాటుగా మా గోడ మీద బొగ్గుతో ఒక గీత గీసింది. ఆ గీతలు నాకు కొత్త కాదు. అవి దుకాణానికి అందమని అప్పటిదాకా నా నమ్మకం. ఆ రోజు చూస్తే గోడ సగం నల్లబడి ఉంది. ఒక్కో గీత నేను డబ్బివ్వని ఒక్కో శేరు పాలు.

"అవ్వా, గిన్ని గీతలున్నయి, ఒక్కపారన్న అడుగకపోతివి" అన్నాను.

"నువ్వు కొసరు పోసే పెద్దమనిషివి. ఎట్ల అడుగుదు బిడ్డా?" అంది పాలవ్వ. ఎగతాళి చేస్తుందో నిజంగా అంటుందో ఆ ముడతల ముఖంలో తెలియలేదు. "నీకు అప్పిచ్చింది నేను గాదు, నా బర్రె. దానికి ఉద్దెర అంటె సమజ్ గాదు. దినాం చెక్క వెట్టాలె."

నేను పోసిన కొసరంతా ఎవరి సొమ్మో అప్పుడు తెలిసింది. నా పెద్దమనిషితనానికి మేత వేస్తున్నది చిరుగుల చీర కట్టుకుని నాలుగు కోసులు నడిచొచ్చే ఈ ముసలామె.

సాయంత్రం బస్సు పోగానే కుండలు బోర్లించాం. డబ్బులిచ్చిన గింజలు గుప్పెడు. రెండో కుండలోంచి గింజలు దొర్లుతూ పోయి బల్ల కింద, పొయ్యి కింద, చివరికి గడప దాటి రోడ్డు మీద కూడా పడ్డాయి. సేటు రోజూ తాగే చాయ్ గింజ కూడా అందులోనే ఉంది. నా భార్య దాన్నీ వదిలిపెట్టలేదు. పాలు, చక్కెర, ఆకు, కట్టెలు, కిరాయి అన్నీ కలిపి, అమ్ముడైన చాయ్‌లకు పంచి చూశాం. అర్ధణాకు ఆరు పైలు. ఒక్క చాయ్ మాకు పడుతున్నది ఏడు పైలు.

"అంటే నేను ఎంత ఎక్కువ అమ్మితే..." అన్నాను.

"గంత ఎక్కువ మునుగుతున్నం" అంది.

అప్పటిదాకా గిరాకీ తగ్గిన రోజున నేను దిగులుపడేవాణ్ణి. నిజానికి పండగ చేసుకోవాల్సింది ఆ రోజుల్లోనే.

మర్నాడు పొద్దున నుంచి నా భార్య పని మొదలుపెట్టింది. రెండో పొయ్యి పగలగొట్టింది. ఉన్న పొయ్యి చుట్టూ ఎర్రమట్టితో జానెడు గట్టు లేపింది, మంట పక్కలకు పోకుండా. బస్సు వచ్చే వేళకు మంట, పోయాక నిప్పులు. ఆ నిప్పుల మీదే మా అన్నం. ఇవన్నీ సులువే. కొసరు దగ్గర మాత్రం నేను మొండికేశాను.

"కొసరు బంద్ జేస్తే నా ఇజ్జతేం గావాలె?"

"బంద్ జేయమంటలేను. పైసలిచ్చినోనికి పోయి, సగం సాసరు. ఉద్దెర వెట్టెటోనికి చాయ్ వరకే."

మొదటి రోజు బల్లల మీద చిన్నపాటి యుద్ధమే జరిగింది. తొగుట నుంచి వచ్చే ఒక మిరపకాయల వ్యాపారి సాసరు చాచి అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

"ఏందిరా, సాసరు ఎండుతున్నది?"

"పైసలిస్తే తడుస్తది అన్నా" అన్నాను.

"నిన్నటిదాక ధర్మరాజువు. రాత్రికి రాత్రి కోమటైనవా?"

"ధర్మరాజు గుడ రాజ్యం పోగొట్టుకున్నడు గదనే" అని తెర వెనుక నుంచి వినిపించింది. బల్లల మీద అందరూ గొల్లున నవ్వారు. వ్యాపారి నడుము సంచీ విప్పి అర్ధణా బల్ల మీద కొట్టాడు. ఆ చప్పుడు నాకు మంగళవాద్యంలా వినిపించింది. ఆ తర్వాత కొసరు కోసం జనం ఉద్దెర మానేశారు. అర్ధణా ఎగ్గొట్టడానికి వెనుకాడని మగవాళ్లు సగం సాసరు చాయ్ పోతుందంటే మాత్రం ఓర్చుకోలేకపోయారు.

చేతిలో మిగిలింది మిగిలినట్టే పాలవ్వకు ఇచ్చాం. ఆమె ఇచ్చిన దానికి సరిగ్గా అన్ని గీతలు తడిచేత్తో తుడిచేసి పోయేది. గోడ రోజురోజుకూ తెల్లబడింది. పెత్రమాసకు మూడు రోజులుందనగా నాలుగే గీతలు మిగిలాయి.

పాలవ్వ తన చెక్క బాకీ తీరుస్తుండటం చూసి కాబోలు, ఆ రోజు మళ్లీ వచ్చి చూస్తానని సేటు ముందునాడే కబురు పంపాడు. నాకు భయం పట్టుకుంది. కుప్ప ఎంత చిన్నదైతే అప్పు అంత పెద్దగా పుడుతుందని నా బుర్రకు తోచింది. తెల్లవారుతూనే ఉన్న బూడిదంతా గంపలోకి ఎత్తి, నెత్తిన పెట్టుకుని వాగు వైపు బయల్దేరాను. ఇరవై అడుగులు పోయానో లేదో వెనుక నుంచి నా భార్య కేక.

"ఏందయ్యా, బూడిద ఎత్కపోతున్నవ్?"

"తక్కువ గనవడితె మంచిదని..."

"మొన్న లేని మందిని దెచ్చి చూపెట్టినవ్. ఇయ్యాల ఉన్న బూడిదను దాస్తున్నవ్. నీకెవ్వలిస్తరయ్యా అప్పు? తే, ఏడిది ఆడనే పోయి."

తిరిగి తెచ్చి పోస్తుంటే గంప అడుగు ఊడింది. బూడిద నా తల నుంచి పాదాల దాకా దిగింది. కళ్లు తెరిచేసరికి ఎదురుగా సేటు.

"ఏం పిలగా, అప్పు పుట్టకపోతే సన్నాసులల్ల గలుస్తున్నవా?"

దాచలేకపోయాను. ఏం చేయబోయానో నోటికొచ్చినట్టు చెప్పేశాను. సేటు నా మీది బూడిదను, కింది బూడిదను కలిపి అంచనా వేసినట్టు చూశాడు. కర్రతో కుప్ప కెలికాడు. పొయ్యి గట్టు మీద చెయ్యి పెట్టి చూశాడు. గోడ మీది నాలుగు గీతలు లెక్కపెట్టాడు. తర్వాత నన్ను అడగలేదు. తెర వైపు తిరిగాడు.

"బిడ్డా, ఒక్క చాయ్ ఎంత వడ్తుందమ్మా ఇప్పుడు?"

"నాలుగున్నర పై సేటూ" అంది నా భార్య తెర వెనుక నుంచి. అంతటితో ఆపకుండా, "ఎండకాలం పాలు పిరమైతె ఐదు గావచ్చు. గప్పుడు గుడ ఒక్క పై మిగులుతది" అంది.

సేటు తల ఊపాడు. ఆయన పెదవి ఒక పక్కకు కదిలింది. అది నవ్వే అయితే, సిద్దిపేటలో దాన్ని చూసిన నాలుగోవాణ్ణి నేనే.

"నాలుగున్నర అన్నందుకు గాదు, ఎండకాలం ముచ్చట చెప్పినందుకు ఇస్తున్న" అన్నాడు. వడ్డీ కలుపుకుని రోజుకు నాలుగణాలు కట్టాలన్నాడు. డబ్బు నా చేతికి ఇవ్వలేదు. బూడిద ఒంటి మీద ఉండగానే నన్ను వెంటబెట్టుకుని ఆసామి ఇంటికి పోయి, అరవై రూపాయలు ఆయన ముందు లెక్కపెట్టాడు. ఆసామి రూపాయలు గీటుపెట్టి చూసుకుంటూ నన్ను చూసి దండం పెట్టాడు. ఏ మఠం నుంచి వచ్చానో అనుకున్నాడు పాపం. పైసలతో అరుగు మీద కాచుకున్న కిరాయి సైకిళ్లాయన దిగి వెళ్లిపోయాడు. మల్గి నిలబడింది.

మర్నాడు పొద్దున సేటు ఎప్పటిలాగే వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. చాయ్ ఇచ్చాను. ఊదుకుంటూ తాగాడు. వాము లేదని తృప్తిగా గొంతు సవరించుకున్నాడు. లేస్తాడనుకున్నాను. లేవలేదు. ధోవతి ముడిలోంచి అర్ధణా తీసి బల్ల మీద పెట్టాడు. నా హోటల్‌లో ఆయన పెట్టిన మొదటి డబ్బు అదే.

"అయ్యో, మీ దగ్గర పైసలేంది సేటూ, తీస్కోన్రి" అన్నాను.

ఆయన తీసుకోలేదు. ఖాళీ సాసరు ముందుకు చాచాడు.

"కొసరేది పిలగా?"

సంతోషం పట్టలేక డేక్షా వంచి సాసరు అంచుదాకా పోయబోయాను. గోనెపట్టా తెర వెనుక, డబ్బుల కుండలో చింతగింజ పడిన చప్పుడైంది.

"సగమే" అంది నా భార్య.